మొట్టినచో పలుకు పెట్టె

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. అక్షరములు ముత్యములవలె ఉన్నవి గాని, విషయము చేదుగా ఉన్నది. "అయ్యా, ఆదివారము రాత్రి నాటకము మంచి పట్టులో ఉండగా మీరు ప్రసారమును ఆపివేయుచున్నారు. నిముషము గడచిన పిమ్మట మరల వచ్చును. ఈలోగా హంతకుడెవరో తేలిపోవును. ఒకసారి అయిన సరిపెట్టుకొందును. వరుసగా మూడు వారములు ఇట్లే జరిగినది. ఇది శ్రోతలయెడ మర్యాదయేనా?" అని వారి ప్రశ్న.

మేము ప్రసారముల దినచర్య పుస్తకమును తీసి చూచితిమి. ఆ మూడు రాత్రులును ప్రసారము క్షణమైనను ఆగలేదు. ఆ మాటయే జవాబుగా వ్రాసి ఊరకుండవచ్చును. కాని ఇల్లు ఊరిలోనే ఉన్నది. పెద్దవారి మనసు నొచ్చినది. కనుక మా ఇంజనీరు మిత్రు నొకరిని వెంటబెట్టుకొని ఒక సాయంకాలము వారింటికి వెళ్లితిమి.

మాస్టారు ఆదరముతో కూర్చుండబెట్టిరి. గదిలో గోడ ప్రక్కన ఒక పాత బల్ల ఉన్నది. దానిమీద రేడియో, రేడియో ప్రక్కన టెలివిజను, దాని ముందర సెట్ టాప్ బాక్సు, చెరియొక వైపున ఒక స్పీకరు. వెనుక తీగలు మర్రి ఊడలవలె వ్రేలాడుచున్నవి. కోడలుగారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చుచు, "ఏమీ అనుకోకండి. రేడియో మోగుతున్నప్పుడు ఆ సొరుగు మాత్రం లాగకండి. మామయ్యగారికి కోపం వస్తుంది" అని నవ్వినది.

సొరుగునకును రేడియోకును సంబంధ మేమని అడిగితిమి. "ఏమోనండీ, లాగితే ఆగిపోతుంది. మళ్లీ మూస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. అప్పుడు మామయ్యగారు దాని నెత్తిమీద ఒక్కటిస్తారు. వార్తలప్పుడూ, నాటకమప్పుడూ మేమెవరమూ ఆ సొరుగు జోలికి పోం. ఆదివారం రాత్రి మాత్రం చిన్నవాడికి మర్నాటి బడి గుర్తొచ్చి, పెన్సిలు కోసం లాగేస్తాడు" అని ఆమె చెప్పినది.

మేమును ఇంజనీరును ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. మాస్టారి నాటకమును ఆపుచున్న వాడెవడో తెలిసిపోయినది. ఇక తెలియవలసినది ఎట్లు ఆపుచున్నాడో అంతియే. బల్లను ముందునకు జరిపి చూడగా అక్కడ కనబడిన దానిని గూర్చి తరువాత చెప్పెదము. దానికి ముందు ఈ రోగమును గూర్చియే కొంత చెప్పవలసి యున్నది. ఏలయన ఇది మాస్టారి ఒక్కరి ఇంటి రోగము కాదు. మన ఇండ్లలో మూగవోవు పెట్టెలలో ఎన్నింటికో పెట్టెలోపల జబ్బు ఉండదు. పెట్టెకును తీగకును, తీగకును గోడకును నడుమ, అతుకు ఉన్నచోట ఉండును. దీనినే అందరము లూజు కనెక్షను అందుము.

ప్రతి ఇంటను దీనికొక మర్యాద ఏర్పడియే యుండును. ఒక ఇంట స్పీకరు తీగ క్రింద మడచిన అట్టముక్క ఉండును. మరియొక ఇంట టెలివిజను వెనుక తీగకు ఊతగా పాత పంచాంగమును నిలుపుదురు. ఇంకొక ఇంట ఇయర్‌ఫోను పిన్నును వ్రేలితో ఒక ప్రక్కకు ఒత్తి పట్టుకొని పాట వినుచుందురు. కొంతకాలమునకు ఇది లోపమన్న సంగతియే మరచి, ఆ వస్తువు స్వభావమే అంతయని సరిపెట్టుకొందురు. ఇట్లు సరిపెట్టుకొనుట ఒక్కొక్కచోట హానిలేని పని. ఒక్కొక్కచోట ప్రాణము మీదికి తెచ్చు పని. రెంటికిని గల భేదము తెలిసికొనుట అవసరము.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ప్లగ్గును సాకెట్టులోనికి దూర్చినపుడు రెండు లోహములును ఎంతమేర తాకుచున్నవి? చూపునకు పిన్ను పొడవంతయు తాకుచున్నట్లే కనబడును. నిజమట్లు కాదు. ఎంత నున్నగా మెరయు లోహమైనను సూక్ష్మదర్శినిలో చూచినచో కొండలు, లోయలు గల దేశమువలె ఉండును. అట్టి రెండు దేశములను బోర్లించి ఒకదానిపై ఒకటి పెట్టినచో కొండకొనలు కొన్ని మాత్రమే తాకును. మిగిలినదంతయు గాలి. విద్యుత్తు అంతయు ఆ కొద్దిపాటి బిందువుల గుండనే ఇరుకుకొని ప్రవహింపవలెను. స్వీడన్ దేశపు భౌతికశాస్త్రజ్ఞుడగు రాగ్నార్ హోమ్ ఈ విషయముపై ఏండ్ల తరబడి పరిశోధించి ఒక పెద్ద గ్రంథమునే వ్రాసెను. ఆయన విచారణనుండి తేలిన ముఖ్యమైన మాట ఇది: స్పర్శ మంచిదగుటకు లోహముల వైశాల్యముకంటె వాని నడుమ గల ఒత్తిడి ముఖ్యము. ఒత్తిడి హెచ్చినకొలది కొండకొనలు నలిగి బిందువులు పెరుగును, దారి వెడల్పగును.

అందుచేతనే సాకెట్టులో లోహపు రేకు స్ప్రింగువలె వంగి పిన్నును బిగించి పట్టుకొనును. సాధారణముగా ఆ రేకులను ఇత్తడితోనో, ఫాస్ఫర్ బ్రాంజు అను కంచు జాతి లోహముతోనో చేయుదురు. మాటిమాటికి లాగి పెట్టుటవలనను, తీగ బరువు ఒకే ప్రక్కకు లాగుచుండుటవలనను, వేడివలనను ఆ రేకులలోని బిగువు సడలును. ఒత్తిడి తగ్గును. తాకు బిందువులు తగ్గును.

రెండవ శత్రువు చిలుము. రాగిపైనను ఇత్తడిపైనను గాలి తగిలి పలుచని పొర ఏర్పడును. ఆ పొర విద్యుత్తును సరిగా పోనీయదు. ప్లగ్గును దూర్చునపుడు పిన్ను రేకుపై రాచుకొనుటచేత ఆ పొర గీసుకొనిపోయి క్రొత్త లోహము బయటపడును. "ఒకసారి తీసి మళ్లీ పెట్టండి" అని మెకానిక్కులు చెప్పు మాటలోని మర్మ మిదియే. అది మంత్రము కాదు, చిలుము గోకుట. కాని ఒకసారి బిగించిన పిన్ను కంటికి కనబడనంత కొద్దిగా అటునిటు కదలుచు ఉన్నచో, ప్రతి కదలికకును క్రొత్త లోహము బయటపడి మరల చిలుము పట్టును. ఆ పొడి అక్కడనే పేరుకొనును. పంకా అదురు, స్పీకరు అదురు, పగటి వేడికి లోహము పెరిగి రాత్రి చలువకు కుదియుట, ఇవి చాలును ఆ కదలికకు. ఎవరును ముట్టకున్నను కనెక్షను చెడిపోవుటకు కారణ మిది.

సముద్రతీరమున కాపురముండువారికి ఈ బాధ మరింత హెచ్చు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటిచోట్ల గాలిలోని ఉప్పు తేమతో కలిసి లోహమును త్వరగా తినివేయును. బంగారు పూత పూసిన పిన్నులను అమ్ముటకు మూల మిదియే. బంగారమునకు చిలుము పట్టదు. అంతేగాని బంగారు పూతవలన పాటకు క్రొత్త మాధుర్యమేమియు రాదు. మరియు బంగారు పిన్నును తగరపు పూతగల సాకెట్టులో పెట్టుట మంచిది కాదు. తగరపు చిలుము బంగారముపైకి చేరి, పెట్టిన ఖర్చు వ్యర్థమగును.

ఇప్పుడు మొట్టికాయ సంగతి. రేడియో నెత్తిన ఒక్కటి వేయగానే అది పలుకుటకు కారణము మీకీపాటికి తోచియే యుండును. ఆ అదురునకు కొండకొనలు కొంచెము జరిగి, చిలుము లేనిచోట తాకినవి. అంతకు మించి ఏమియు బాగుపడలేదు. రేపు మరల జరుగును. మొట్టగా మొట్టగా ఇతర అతుకులును వదులగును.

అయితే ఈ మొట్టికాయకు రేడియో చరిత్రలో ఒక గౌరవస్థానము కలదు. ఫ్రాన్సు దేశమున ఎడ్వర్డ్ బ్రాన్లీ 1890లో గాజుగొట్టములో లోహపు రజను వదులుగా పోసి పరీక్షించుచుండగా, సమీపమున విద్యుత్ మెరుపు పుట్టినపుడు ఆ రజను హఠాత్తుగా విద్యుత్తును పోనిచ్చుట కనుగొనెను. తొలినాటి రేడియో గ్రాహకములకు చెవి ఆ గొట్టమే. కాని ఒకసారి తరంగము తగిలినచో రజను అతుకుకొనిపోయి అట్లే ఉండును. మరల పనిచేయవలెనన్నచో గొట్టమును తట్టవలెను. ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1894లో తన ప్రదర్శనలలో అట్లు తట్టుటకై ఒక యంత్రపు ఏర్పాటు చేసెను. మన జగదీశ చంద్ర బోసు 1899లో ఇనుమును పాదరసమును జోడించి, తట్ట నక్కరలేకయే తనంతట కోలుకొను గ్రాహకమును వర్ణించెను. ఈవిధముగా రేడియో పుట్టుకయే ఒక లూజు కనెక్షను నుండి, ఒక మొట్టికాయ నుండి అని చెప్పవచ్చును.

మైక్రోఫోను పుట్టుకయు అట్టిదే. 1878లో డేవిడ్ హ్యూస్ లండనులో మేకులను, కర్బనపు కడ్డీలను వదులుగా ఒకదానిపై ఒకటి పెట్టి విద్యుత్తును పంపగా, దగ్గర కలిగిన చిన్న ధ్వనికైనను ఆ వదులు స్పర్శ బిగియుచు సడలుచు ఉండెను. దానికి తగినట్లు విద్యుత్తు హెచ్చుచు తగ్గుచు టెలిఫోను చెవిలో మాటగా వినబడెను. ఈగ నడక సైతము వినిపించినదని నాటివారు వ్రాసిరి. ఆ సూత్రముపైననే కర్బనపు టెలిఫోనులు దశాబ్దముల తరబడి పనిచేసినవి. మీ స్పీకరు తీగ వదులైనపుడు జరుగునదియు ఇదియే. అది మీరు కోరని మైక్రోఫోను. సొరుగు లాగిన చప్పుడు, తలుపు మూసిన అదురు, పంకా వణుకు, అన్నిటిని విని గరగరమని చిటపటమని మీకే తిరిగి వినిపించును.

ఈ గరగర ఎప్పుడును ఒకే తీరున ఉండదు. ఏ తీరున ఉన్నదో శ్రద్ధగా విన్నచో ఏ అతుకు చెడినదో చాలవరకు చెప్పవచ్చును. రేడియో ఇంట గలవారికి వినుట అలవాటే గదా! కొన్ని గురుతులు చెప్పెదము.

ఎరుపు, తెలుపు, పసుపు తలలు గల చిన్న ప్లగ్గులు మీరెరిగినవే. అమెరికాలోని రేడియో కార్పొరేషను 1930 దశకములో గ్రామఫోనును రేడియోకు కలుపుటకై వీనిని తెచ్చినది. అందుచేత ఆ సంస్థ పేరిట ఆర్.సి.ఎ. ప్లగ్గులందురు. చౌకయైనవి, కాని ఒక లోపము కలవి. నడుమ పిన్ను పాటను తెచ్చును. చుట్టునున్న లోహపు కుప్పె ఆ పాటకు కాపుగా నుండి, భూమి తీగ పని చేయును. దూర్చునపుడు కుప్పెకంటె ముందుగా పిన్ను తాకును. కాపు రాకముందే పాటదారి తెరచుకొనుటచేత గోడలలోని కరెంటు ప్రభావము అందులోనికి చొరబడి, గుయ్యిమని పెద్ద రొద పుట్టును. మన కరెంటు సెకనుకు 50 మారులు ఊగును గనుక ఆ రొద మంద్రముగా ఉండును. పాట నడుచుచుండగా అట్టి రొద వచ్చినచో కుప్పె వదులైనదని గ్రహింపవచ్చును. అన్నిటిని ఆర్పివేసి, కుప్పె రెక్కలను కొంచెము లోనికి నొక్కి మరల దూర్చినచో సాధారణముగా కుదురును. అట్లే, ఆర్పకుండ ఈ ప్లగ్గును పెట్టుట తీయుట స్పీకరుకు హానికరము.

ఇయర్‌ఫోను పిన్ను టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో పంతొమ్మిదవ శతాబ్దిలో వాడిన పావు అంగుళపు ప్లగ్గునకు మనుమడు. మూడున్నర మిల్లీమీటర్ల ఈ చిన్న రూపమునకు ట్రాన్సిస్టరు రేడియోలవలనను, 1979లో వచ్చిన వాక్‌మన్ వలనను ప్రచారము కలిగినది. కొన ఎడమ చెవికి, నడిమి ఉంగరము కుడి చెవికి, మొదలు రెంటికిని ఉమ్మడి దారి. ఒక చెవి మాత్రమే మూగవోయినచో కొనయో ఉంగరమో తాకుట లేదు, లేదా ఆ వైపు తీగ తెగినది. గాయని గొంతు మాయమై, వాద్యములు మాత్రము నూతిలోనుండి వినబడినట్లున్నచో మొదలు తాకుట లేదు. ఉమ్మడి దారి తెగినపుడు రెండు వైపులకును సమానమైన ధ్వని ఒకదానినొకటి చంపుకొనును. గొంతును సాధారణముగా రెండు వైపులను సమముగా పెట్టుదురు గనుక ముందుగా పోవునది గొంతే. పిన్ను రంధ్రములో చొక్కా జేబులోని నూలుపీచు చేరియుండుట చాలమారులు మేము చూచితిమి. పల్చని కొయ్య పుల్లతో మెల్లగా తీసినచో చాలును.

టెలివిజనుకు సెట్ టాప్ బాక్సును కలుపు హెచ్.డి.ఎం.ఐ. తీగ స్వభావము వేరు. దీని నిబంధనావళి 2002లో వెలువడినది. ఆ చిన్న తలలో 19 స్పర్శలు ఇమిడి యున్నవి. ఇందు బొమ్మయు ధ్వనియు అంకెల రూపమున పోవును. కనుక కనెక్షను కొంచెము చెడినను గరగర ఉండదు. మొదట ఏమియు తెలియదు. మరి కొంత చెడినచో బొమ్మలో మిణుకు చుక్కలు పడును. ఆపై ఒక్కసారిగా తెర నల్లబడి, కొన్ని సెకనులకు తిరిగి వచ్చును. ఆ 19లో ఒకటి "నేనిక్కడ ఉన్నాను" అని తెలుపుట కొరకే ఏర్పడినది. అది క్షణము వదిలినను రెండు పెట్టెలును పరిచయములు మొదటినుండి ప్రారంభించును. ఆ వ్యవధియే మీకు నల్లతెరగా కనబడును. ఈ ప్లగ్గునకు మరలు లేవు, గొళ్లెము లేదు. తీగ బరువంతయు దాని మెడమీదనే పడును. తీగను బల్లకో గోడకో కట్టి ఆ బరువు మెడపై పడకుండ చేయుటయే తగిన చికిత్స.

డాబామీది డిష్షునుండి దిగు లావుపాటి తీగకు మరతల ఉండును. 1950 దశకారంభమున అమెరికాలో ఎరిక్ విన్‌స్టన్ రూపొందించిన ఈ మరతలలో వేరుగా పిన్ను లేదు. తీగ నడిమి రాగియే పిన్ను. అందుచేత తీగ చివర చెక్కుటలో పనివాని నేర్పు ముఖ్యము. చుట్టునున్న వల పోగు ఒక్కటి నడిమి రాగికి తగిలినను అంతయు నిలిచిపోవును. ఈ తీగ గుండ బొమ్మ క్రిందికి వచ్చుటయే గాక, డిష్షు కొననున్న యంత్రమునకు కరెంటు పైకి పోవును. ఆ కరెంటు 13 వోల్టులైనచో ఒక తరగతి తరంగములను, 18 వోల్టులైనచో మరియొక తరగతి తరంగములను అది పట్టును. రెండు తరగతులును వాడు ఏర్పాటులలో అతుకు చెడి వోల్టులు తగ్గినచో, కొన్ని చానళ్లు చక్కగా వచ్చుచు కొన్ని మాత్రమే పోవును. చందా తీరలేదేమోనని, కంపెనీవారు ఆపిరేమోనని మనము వారిపై కోపగించుకొందుము. వానకు తడిసిన మరతలలో పచ్చని చిలుము చూచినపుడు గాని నిజము తెలియదు. మరతలకు రబ్బరు తొడుగు వేయుట, ఇంటిలోనికి వచ్చుటకు ముందు తీగను కొంచెము క్రిందికి వంచి నీరు అక్కడనే జారిపోవునట్లు చేయుట మరువరాదు.

మా స్టూడియోలలో ఈ బాధ లేదా యని అడుగవచ్చును. ఉన్నది, కాని మేము గొళ్లెము గల ప్లగ్గులను వాడుదుము. అమెరికాలో క్యానన్ అను సంస్థ ప్రవేశపెట్టిన ఎక్స్.ఎల్.ఆర్. ప్లగ్గులో మూడు పిన్నులుండును. దూర్చగానే టక్కున గొళ్లెము పడును. మీట నొక్కిన గాని ఊడదు. సాకెట్టులో భూమి తీగ స్పర్శ తక్కిన రెంటికంటె ముందుగా తాకునట్లు అమర్చుదురు గనుక రొదయు రాదు. మరి ఇండ్లలోని వస్తువులకు ఇట్టిది ఏల పెట్టరు? ధర ఒక కారణము. మరియొక కారణము మంచిదే: పిల్లవాని కాలికి తీగ తగిలినపుడు గొళ్లెము లేని ప్లగ్గు ఊడివచ్చును, గొళ్లెమున్నచో టెలివిజనే వచ్చి మీద పడును.

బ్యాటరీలతో నడచు ట్రాన్సిస్టరులలో రోగస్థానము బ్యాటరీ అర. నెలల తరబడి వాడక, బ్యాటరీలు తీయక ఉంచినచో అవి కారి స్ప్రింగులను తినివేయును. ఆల్కలైన్ బ్యాటరీ కారినచో తెల్లని క్షారము పేరుకొనును. బ్యాటరీలను తీసివేసి, నిమ్మరసములో ముంచి పిండిన దూదితో తుడిచి, పిమ్మట తడి లేకుండ ఆరబెట్టవలెను. పనిచేయుచున్నప్పుడు కంటిని, చేతులను కాపాడుకొనవలెను. కిరసనాయిలు, కొబ్బరినూనె పూయుట కొందరి అలవాటు. నూనెకు దుమ్ము అంటును, రోగము ముదురును.

ఇక వెదకు పద్ధతి. తీగలన్నిటిని ఒక్కసారిగా లాగి పెట్టరాదు. ఒక్కొక్క ప్లగ్గునే వ్రేలితో మెల్లగా కదిపి, ఎప్పుడు గరగర పుట్టునో వినవలెను. ఇది పాట తీగలకు మాత్రమే. కరెంటు ప్లగ్గునకు కాదు. అనుమానపు తీగకు బదులు మంచిదని తెలిసిన తీగను పెట్టి చూడవలెను. రోగము తీగతో కూడ పోయినచో తీగదే తప్పు, నిలిచినచో సాకెట్టుది. ప్లగ్గును తీయునపుడు తలను పట్టి లాగవలెను గాని తోకను కాదు. స్పీకరు తీగల విడిపోగులను గట్టిగా మెలివేసి బిగింపవలెను. ఒక పోగు ప్రక్కదానిని తాకినను ఆంప్లిఫయరు చెడవచ్చును. ఏ తీగ ఎక్కడిదో చిన్న చీటీ అంటించి వ్రాసినచో తరువాతి కాలమున మీకును, మెకానిక్కునకును శ్రమ తగ్గును.

ఇంతవరకు చెప్పినవి వినోదమునకు భంగము కలిగించు లోపములు. ఇప్పుడు మాస్టారి బల్ల వెనుకకు పోవుదము.

రేడియో ప్లగ్గు ఎన్నడో పగిలినదట. నాటినుండి తీగ చివరలను ఒలిచి, గోడనున్న ఎక్స్‌టెన్షను బోర్డు రంధ్రములలో దూర్చి, రెండు అగ్గిపుల్లలతో బిగించియుండిరి. సొరుగు లాగినప్పుడెల్ల ఆ తీగకు తగులుచుండెను. రంధ్రముల చుట్టు ప్లాస్టిక్కు నల్లబడి, ఒక చోట కరగి యున్నది. రేడియో ఒక్కటే అయినచో అది తీసికొను కరెంటు స్వల్పము, అంత కరగదు. కాని ఆ బోర్డుకే ఇస్త్రీపెట్టె కూడ తగిలించుచుండిరి.

లెక్క చూడుడు. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4 ఆంపియర్ల కరెంటును తీసికొనును. వదులైన చోట అర ఓము నిరోధము మాత్రమే ఉన్నదనుకొందము. కరెంటును కరెంటుతో హెచ్చించి నిరోధముతో మరల హెచ్చించినచో 8 వాట్లగును. ఇది గదినిండ పరచుకొను వేడి కాదు; ఆవగింజంత చోట కేంద్రీకరించు వేడి. ఆ వేడికి రేకు బిగువు ఇంకను సడలును, చిలుము ఇంకను పెరుగును, నిరోధము హెచ్చును, వేడియు హెచ్చును. ఫ్యూజు గాని ఎం.సి.బి. గాని దీనిని కనిపెట్టలేదు. ఏలయన కరెంటు హద్దు మీరలేదు. ప్రక్కనే ఎండిన అగ్గిపుల్లలు, వెనుక కొయ్య బల్ల!

మన మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న భూమి పిన్ను తక్కినవానికంటె లావుగాను పొడవుగాను ఉండుటకు కారణము కలదు. దూర్చునపుడు అది ముందుగా తాకవలెను. తీయునపుడు చివరగా వదలవలెను. పెట్టెలోపల తీగ తెగి లోహపు తొడుగునకు తగిలినపుడు ఆ పిన్నే మన ప్రాణమునకు అడ్డము. అగ్గిపుల్లతో బిగించిన తీగకు ఆ రక్ష లేదు. ప్లగ్గు వెచ్చగా ఉన్నను, మాడు వాసన వచ్చినను, స్విచ్చు దగ్గర చిటపట వినబడినను ఆర్పివేసి, తెలిసిన ఎలక్ట్రీషియనును పిలువవలెను. సడలిన సాకెట్టును మార్చుటయే గాని బాగుచేయుట లేదు.

ఇక్కడ మీ రేడియోయే మీకొక ఉపకారము చేయగలదు. తొలినాటి ప్రసార యంత్రములు విద్యుత్ మెరుపులతోనే తరంగములను పుట్టించెడివి. గోడలోని వదులు కనెక్షనులో పుట్టు చిన్న మెరుపును అదే పని చేయును. బ్యాటరీలతో నడచు ట్రాన్సిస్టరును మీడియం వేవులో, ఏ కేంద్రమును లేని చోట నిలిపి, ఇల్లంతయు త్రిప్పి చూడుడు. ఎడతెగని ఒకేతీరు రొద ఎల్.ఇ.డి. దీపములది, ఛార్జర్లది కావచ్చును. కాని ఒక స్విచ్చుబోర్డు దగ్గరకు పోగా తాళము లేని చిటపట హెచ్చినచో, ఆ బోర్డును అనుమానింపవలసినదే. ప్రసారములో వినబడు గరగరను మీరు మా తప్పుగా నెంచి విసుగుకొనవచ్చును. కాని అది ఒక్కొక్కప్పుడు మీ ఇంటి గోడ మీకు పంపు వార్త.

ఆ సాయంకాలమే మా మిత్రుడు మెయిను ఆర్పించి, బోర్డును తీసివేయించెను. మరునాడు మాస్టారు క్రొత్త బోర్డును, మూడు పిన్నుల ప్లగ్గును వేయించిరి. ఇస్త్రీపెట్టెకు వేరుగా గోడ సాకెట్టు ఏర్పడినది. ఖర్చు ఆయన పత్రికలకు నెలకు పెట్టునంత కూడ కాలేదట.

పదిహేను దినములకు మాకు మరియొక ఉత్తరము వచ్చినది. అవే ముత్యముల వంటి అక్షరములు. "నాటకము మొదలునుండి తుదివరకు వింటిని. నడుమ మనుమడు రెండుమారులు సొరుగు లాగినాడు. రేడియో ఆగలేదు. హంతకుడు మాత్రము నేననుకొన్నవాడు కాడు. ఇందులోనైనను మీ తప్పేమైన ఉన్నదేమో విచారింపగలరు."